చూసినదే సాక్ష్యం



మగవాళ్ళు ఆఫీసులకు, పిల్లలు బళ్ళకు వెళ్ళి, వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. మీ చేతిలో బియ్యం చేటో, చిక్కుడుకాయల బుట్టో ఉండే ఉంటుంది. ఆ పని ఆపకండి. పని చేసుకుంటూనే నా నాలుగు మాటలూ ఆలకించండి.

ఇవాళ నేను చెప్పబోయేది "సాక్ష్యం" గురించి. ఈ మాట వినగానే మీలో చాలామందికి కోర్టు గుర్తొస్తుంది. నల్లకోటు ప్లీడరుగారు, బోను, ప్రమాణం అన్నీ కళ్ళముందు కదులుతాయి. క్రైస్తవుల ఇళ్ళలో పుట్టి పెరిగిన మాకు మాత్రం గుడి గుర్తొస్తుంది. దేవుడు తన బతుకులో ఏం మేలు చేశాడో నలుగురిలో లేచి నిలబడి చెప్పుకోవడాన్నే మేము సాక్ష్యం చెప్పడం అంటాము. ఆదివారం ఆరాధనలో చెబుతాము. వారం మధ్యలో జరిగే స్త్రీల కూడికలో చెబుతాము. జబ్బు నయమైనా, ఉద్యోగం వచ్చినా, సొంత ఇల్లు కట్టుకున్నా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, అయ్యగారిని, అమ్మగారిని, ఇరుగుపొరుగుల్ని పిలిచి అక్కడా చెబుతాము.

ఇది మీ మతంలో సంగతి గదా, మాకెందుకమ్మా అనుకోకండి. తిరుపతి కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చి, పక్కింటి వదినగారికి లడ్డు ప్రసాదం పెడుతూ, "ఇలా జరిగింది వదినా" అని మీరూ చెప్పుకుంటారు. దర్గాకు వెళ్ళి వచ్చిన అక్కయ్య కూడా చెప్పుకుంటుంది. ఎవరి దేవుడు వారికి, ఎవరి కథ వారికి. చెప్పుకోవాలన్న ఆరాటం మాత్రం అందరిదీ ఒక్కటే. ఆ ఆరాటంలో నేను చేసిన ఒక పొరపాటు, అది దిద్దుకోవడానికి నాకు పట్టిన ఆరేళ్ళు, ఇదే ఇవాళ్టి నా ప్రసంగం.

ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. మాది గుంటూరు. ఆవిడ ఆ చుట్టుపట్ల పల్లెల్లో బైబిలు స్త్రీగా పనిచేసేది. ఈ తరంవారికి ఆ మాట తెలియకపోవచ్చు. మిషన్ల కాలం నుంచీ ఉన్న ఉద్యోగం అది. పరాయి మగవాళ్ళు అడుగుపెట్టలేని ఇళ్ళలోకి, పెరటి దోవన వంటింటి గడప దాకా వెళ్ళి, ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించి, బైబిలు కథలు చెప్పి, పాటలు నేర్పి వచ్చేవారు. మా నాయనమ్మ దగ్గర ఒక గొడుగు, ఒక గుడ్డసంచి ఉండేవి. సంచిలో బైబిలు, పాటల పుస్తకం, ఒక అమృతాంజనం సీసా. ఏ ఇంటికి వెళ్ళినా వెళ్ళీ వెళ్ళగానే బైబిలు తెరిచేది కాదట. ఆ ఇల్లాలు చింతపండు గింజలు తీస్తుంటే తానూ కూర్చుని తీసేది. పిల్లాడు ఏడుస్తుంటే ఎత్తుకునేది. "ముందు వాళ్ళ కథ వినాలే, తరవాతే మన కథ. గిన్నె నిండా వాళ్ళ బాధ ఉంటే నువ్వు పోసింది పొర్లిపోతుంది" అనేది.

ఆవిడ మాట ఇంకొకటి ఉంది. సాక్షి అంటే కళ్ళతో చూసినవాడని అర్థమట. "చూసినంతే చెప్పు. చూడనిది కలిపావో, అది సాక్ష్యం కాదు, కథ. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం కూడదని ఉంది గదా. దేవుణ్ణి పెద్ద చేద్దామని చెప్పినా అబద్ధం అబద్ధమే" అనేది. చిన్నప్పుడు ఆ మాట విన్నాను. పెద్దయ్యాక మరిచిపోయాను.

ఇక నా కథ.

2008వ సంవత్సరం, శ్రావణమాసం. మా పెద్దబ్బాయికి అప్పుడు ఆరేళ్ళు. వారం రోజులుగా జ్వరం. వస్తోంది, కాస్త తగ్గుతోంది, మళ్ళీ వస్తోంది. వీధి చివరి కాంపౌండరు ఇచ్చిన మాత్రలు వేస్తూ కాలం గడిపాను. అది నా తెలివితక్కువ. మావారు ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళారు. వరలక్ష్మీ వ్రతం నాటి శుక్రవారం సాయంత్రం, బయట కుండపోతగా వాన, వాడు ఒళ్ళు తెలియకుండా పడిపోయాడు. పిలిస్తే పలకడు. నేను వాకిట్లోకి వచ్చి కేక పెట్టాను.

పక్కింట్లో పిన్నిగారు ఉంటారు. బంధుత్వమేమీ లేదు, పదిహేనేళ్ళుగా పిన్నిగారూ అని పిలుస్తున్నాను, అంతే. ఆ పూట వాళ్ళింట్లో వ్రతం. ముత్తైదువలు పేరంటానికి వచ్చే వేళ. ఆవిడ పట్టుచీరతోనే వానలో పరుగెత్తుకు వచ్చారు. పిల్లాణ్ణి భుజాన వేసుకున్నారు. ఆటోను ఆపారు. ఎక్కబోతూ మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి, పోపులడబ్బాలో దాచుకున్న పదిహేను వందలు తెచ్చి నా గుప్పిట్లో పెట్టారు. వాయినాలు ఇవ్వడానికి కోడలిని నిలబెట్టి నాతో ఆసుపత్రికి వచ్చేశారు.

డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించి, టైఫాయిడ్ ముదిరిందన్నారు. సెలైను ఎక్కించి, ఇంజక్షన్లు మొదలుపెట్టారు. "మందు పనిచేస్తుంది గానీ నాలుగైదు రోజులు పడుతుందమ్మా. అప్పటిదాకా జ్వరం వస్తూనే ఉంటుంది. కనిపెట్టుకుని ఉండండి" అన్నారు. ఆయన అన్నది ఇంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మర్నాడు మావారు వచ్చారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాము. ఆ ఆరు రోజులూ పిన్నిగారింటి నుంచి క్యారియరు వచ్చింది. నాకు చారన్నం, పిల్లాడికి డాక్టరు పెట్టమన్న నాటి నుంచి పలుచని జావ. ఏడో రోజున వాడు నడిచి ఇంటికి వచ్చాడు.

పది రోజుల తరవాత ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాము. అయ్యగారు ప్రార్థన చేశాక, "మీ సాక్ష్యం చెప్పండమ్మా" అన్నారు. లేచి నిలబడ్డాను. నలభై మంది నా మొహం వైపు చూస్తున్నారు. నోరు తెరిచాను. ఏమని చెప్పాననుకున్నారు? "మావారు ఊళ్ళో లేరు. నాకు ఎవ్వరూ తోడు లేరు. చేతిలో పైసా లేదు. డాక్టరుగారు ఏమీ చెప్పలేమన్నారు. నేనొక్కదాన్నే మోకాళ్ళూని ప్రార్థించాను. దేవుడు నా బిడ్డను లేపాడు" అన్నాను. నలభై మందీ గట్టిగా "ఆమెన్" అన్నారు.

గుమ్మం పక్కన కుర్చీలో పిన్నిగారు కూర్చుని ఉన్నారు. ఆవిడనూ పిలిచాను మరి.

వారం తరవాత, నేనిచ్చిన పులిహోర గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, వెళ్ళబోతూ ఆగారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. "అమ్మాయ్, ఆ రాత్రి నీకెవ్వరూ తోడు లేరన్నావు. మరి నేనెక్కడికెళ్ళానే?"

నేను నవ్వేశాను. "అయ్యో పిన్నిగారూ, అలా మాటవరసకి అన్నాను" అన్నాను. ఆవిడా నవ్వి వెళ్ళిపోయారు. అంతటితో ఆ సంగతి అయిపోయిందనుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను సాక్ష్యం బాగా చెబుతానని పేరొచ్చింది. ఫలానా వీధిలో కూడిక ఉంది రమ్మన్నారు. ఫలానా ఊళ్ళో స్త్రీల పండుగ ఉంది రమ్మన్నారు. చెప్పిన కొద్దీ నా కథ పెరిగింది. డాక్టరుగారు మొదట "ఏమీ చెప్పలేమన్నారు". తరవాత "ఆశ వదులుకోమన్నారు". ఇంకో ఏడాదికి "చేతులెత్తేశారు". ఆరు రోజులు ఇరవై రోజులైనాయి. ఒకనాడు మావారు నవ్వుతూ అన్నారు గదా, "ఏమోయ్, వాడి జ్వరం ఏటేటా ఒక డిగ్రీ పెరుగుతోందే! ఇలా అయితే థర్మామీటరు పగిలిపోతుంది." నాకు ఒళ్ళు మండింది. మీకు విశ్వాసం తక్కువన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదా అంటే, తెలిసీ తెలియనట్టుండేది. పెళ్ళిలో చీర ఎంతకు కొన్నావంటే నాలుగు వందలు కలిపి చెబుతామే, అలాగన్నమాట. కలిపిన చోటనే "ఆమెన్" గట్టిగా వచ్చేది. ఇదంతా దేవుడి మహిమ కోసమే గదా అని మనసుకు సర్ది చెప్పుకునేదాన్ని.

2013లో పక్క ఊళ్ళో ఒక స్త్రీల కూడికకు వెళ్ళాను. చెప్పాను. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. కూడిక అయ్యాక టీలు ఇస్తున్నారు. ఒక చిన్నది, ఇరవై అయిదేళ్ళుంటాయేమో, నా దగ్గరకొచ్చి నిలబడింది. ఎంతసేపటికీ మాట్లాడదు. చివరికి చాలా మెల్లగా అంది.

"అక్కా, నేనూ మోకాళ్ళ మీదే ఉన్నాను. మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మా పాపకీ జ్వరమే. మా పాప లేదక్కా. నా విశ్వాసం చాల్లేదని మా అత్తగారంటారు. ఆవిడ ఊరికే అంటున్నారనుకునేదాన్ని. ఇవాళ మీరు చెప్పింది విన్నాక, అదే నిజమనిపిస్తోంది."

అమ్మా, నా నోట మాట రాలేదు. అయిదేళ్ళుగా వేదికలెక్కి గడగడా చెప్పిన నోరు అది. "అలా అనుకోకమ్మా" అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు. చేతిలో టీ చల్లారిపోయింది. ఆ అమ్మాయి తల వంచుకుని వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో కూర్చుంటే పిన్నిగారి మాట, ఈ చిన్నదాని మాట ఒకదాని వెంట ఒకటి చెవిలో పడుతున్నాయి. "మరి నేనెక్కడికెళ్ళానే?" "మా పాప లేదక్కా." నేను కలిపిన ప్రతి మాటా ఎవరికో ఒకరికి గుచ్చుకుంది. తోడు ఎవ్వరూ లేరన్న మాట పిన్నిగారికి గుచ్చుకుంది. మందూ మాకూ లేకుండా నా ప్రార్థన ఒక్కటే బిడ్డను లేపిందన్న మాట ఈ తల్లి గుండెలో దిగింది. ఆ డాక్టరుగారు రాత్రి పన్నెండింటికి మళ్ళీ వచ్చి చూసి వెళ్ళారు. ఆయన పాపం ఏం చేశాడని చేతులెత్తించాను?

ఆ రాత్రి అందరూ పడుకున్నాక పాల లెక్క రాసుకునే పుస్తకం తీశాను. చివరి పేజీలో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమ వైపు నేను చూసింది, కుడి వైపు నేను కలిపింది. కుడి వైపు నిండిపోయింది. ఎడమ వైపు రాయడానికి కూర్చుంటే, అయిదేళ్ళలో ఒక్కనాడూ చెప్పని సంగతి ఒకటి బయటపడింది. అసలు సాక్ష్యం అదే!

ఏమిటంటే, ఆసుపత్రిలో మొదటి రాత్రి. మూడు గంటలైంది. పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది. నేను వరండాలోకి వచ్చి గోడకానుకుని కూర్చున్నాను. మూడు తరాల క్రైస్తవులం మేము. నాకు ప్రార్థనలు కంఠతా వచ్చు. ఒక్కటీ గుర్తు రాలేదు. "ప్రభువా, నాకు భయంగా ఉంది" అన్నాను. అదొక్కటే. అంతకు ముందు నేను దేవుడితో అలా మాట్లాడి ఎరగను. గుడికి వెళ్ళడం, పాటలు పాడడం, వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం గుడికని తీసిపెట్టడం, ఇవన్నీ మా అమ్మ చేసింది గనక నేనూ చేశాను. మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆ రాత్రే.

జ్వరం తగ్గలేదు. నాకు ఏ స్వరమూ వినిపించలేదు. బిడ్డ బతుకుతాడని కూడా నాకు తెలియలేదు. కాని గుండె దడ ఆగింది. ఏం జరిగినా నేనొక్కదాన్నే కాదు అన్న ధైర్యం ఎక్కడినుంచో వచ్చింది. లేచి లోపలికి వెళితే, మంచం పక్కన నేల మీద, తడిసిన పట్టుచీరతోనే, చెయ్యి తలకింద పెట్టుకుని పిన్నిగారు నిద్రపోతున్నారు. ఆవిడ రెండో చెయ్యి పిల్లాడి కాలి మీద ఉంది.

నేను చూసింది ఇది. నా విశ్వాసం పుట్టింది అక్కడ. దీన్ని వదిలేసి అయిదేళ్ళు నేను థర్మామీటరు చుట్టూ తిరిగాను.

మరుసటి వారం ఒక్కదాన్నే బస్సెక్కి ఆ అమ్మాయి ఊరు వెళ్ళాను. ఇల్లు వెతుక్కుని వెళ్ళి కూర్చున్నాను. చెప్పాను. "అమ్మా, మొన్న నేను చెప్పినదానిలో సగం నేను కలిపింది. డాక్టరుగారు చేతులెత్తలేదు. మందులతోనే మావాడికి నయమైంది. ఆ మందునూ, ఆ డాక్టరునూ ఇచ్చింది దేవుడేనని నా నమ్మకం. మావాడు ఎందుకు బతికాడో, మీ పాప ఎందుకు వెళ్ళిపోయిందో నాకు తెలియదు. నీ విశ్వాసం తక్కువైందని అనే హక్కు నాకు లేదు, ఎవ్వరికీ లేదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ రాత్రి బిడ్డ దక్కుతాడో లేదో తెలియక ముందే నా భయం తీరింది" అన్నాను.

ఆ అమ్మాయి చాలాసేపు ఏడ్చింది. తరవాత అంది గదా, "మా పాప పేరు ఇంట్లో ఎవ్వరూ ఎత్తడం లేదక్కా." "నువ్వు చెప్పు, నేను వింటాను" అన్నాను. గంటన్నర చెప్పింది. పాప మొదట పలికిన మాట, అన్నంలో పెరుగు వేస్తే ఏడవడం, ఎర్ర గౌను. నేను ఒక్క మాట మధ్యలో మాట్లాడలేదు. ముందు వాళ్ళ కథ వినాలే అన్న మా నాయనమ్మ మాట అప్పటికి వంటపట్టింది. ఆ అమ్మాయి ఇప్పటికీ నాతో మాట్లాడుతుంది. పండగకు మొదటి ఫోను తనదే.

2014లో మా ఇంట్లోనే స్త్రీల కూడిక జరిగింది. పిన్నిగారిని ప్రత్యేకంగా పిలిచాను. లేచి నిలబడి, మొదటి నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాన, వ్రతం, పట్టుచీర, పదిహేను వందలు, డాక్టరుగారి మాట, వరండా, అన్నీ. నేను కలిపి చెప్పిన సంగతీ చెప్పాను. చెప్పడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. "ఆమెన్" అంత గట్టిగా రాలేదు. ఒకావిడ మొహం చిన్నబుచ్చుకుంది కూడా. అమ్మగారు మాత్రం దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

పిన్నిగారు ఏమన్నారో తెలుసా? "పోనీలే, ఇన్నాళ్ళకి నా చారుకీ మీ గుళ్ళో చోటు దొరికింది" అన్నారు. అందరూ నవ్వారు. వెళ్ళేటప్పుడు నా చెవిలో, "ఆ రాత్రి నేనూ మొక్కుకున్నానే, మా అమ్మవారికి" అన్నారు. నేనేమీ వాదించలేదు. నేనెవరికి మొక్కానో, ఎవరు విన్నారని నమ్ముతున్నానో నేను చెప్పాను. ఆవిడ తన సంగతి చెప్పారు. నా విశ్వాసం తగ్గలేదు, ఆవిడ మర్యాదా తగ్గలేదు.

తరవాత బైబిలు చదువుతుంటే కొన్ని సంగతులు కొత్తగా కనిపించాయి. అపొస్తలుల కార్యములు గ్రంథంలో పౌలు తన కథ యెరూషలేములో జనం ముందు ఒకసారి, అగ్రిప్ప రాజు ముందు ఒకసారి చెబుతాడు. దమస్కు దారిలో గొప్ప వెలుగు చూసినవాడు ఆయన. యెరూషలేములో ఆ కథ చెప్పేటప్పుడు, కళ్ళు కనిపించక పడి ఉన్న తన దగ్గరకొచ్చిన అననీయ అనే మనిషి పేరు మరిచిపోకుండా చెప్పాడు. అంత పెద్ద సాక్ష్యంలో సాయం చేసిన మనిషికి చోటుంది. నా సాక్ష్యంలో పిన్నిగారికి లేకపోయింది.

యోహాను సువార్తలో బావి దగ్గరి సమరయ స్త్రీ సంగతి మీలో కొందరు వినే ఉంటారు. కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తి, వచ్చి మీరే చూడండని ఊరివాళ్ళను పిలిచిన మనిషి ఆవిడ. నమ్మి తీరాలని దెబ్బలాడలేదు. వాళ్ళు వచ్చి, విని, తమంత తాము నమ్మారు. పిలవడం వరకే ఆవిడ పని.

మన దేశపు ఆడవాళ్ళలోనూ ఉన్నది ఉన్నట్టు చెప్పినవారున్నారు. మరాఠీలో లక్ష్మీబాయి తిలక్ అని ఒకావిడ. భర్త నారాయణ వామన్ తిలక్ పేరున్న కవి. ఆయన 1895లో క్రైస్తవం పుచ్చుకుంటే ఆవిడ గుండె పగిలింది. ఏళ్ళ తరబడి విడిగా ఉన్నారు. చివరికి 1900లో ఆవిడా తన మనసుతో తాను ఆ విశ్వాసంలోకి వచ్చారు. తన కథను "స్మృతిచిత్రే" అనే పుస్తకంగా రాశారు. 1930ల్లో అచ్చయింది. పెద్ద చదువు లేని ఇల్లాలు. అందులో భర్త కోపమూ దాచలేదు, తన మడి ఆచారాల పట్టుదలా దాచలేదు, తనను చూసి తానే నవ్వుకున్నారు. అందుకే మరాఠీవారు మతం చూడకుండా ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

నోటితోనే చెప్పాలని కూడా లేదు. మా గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలియనివారుండరు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చారు. 1898లో ఆడవాళ్ళకు, పిల్లలకు ఆ ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఎన్ని వేల పురుళ్ళు, ఎన్ని నిద్రలేని రాత్రులు! ఆవిడ సాక్ష్యం చాలావరకు చేతులతో చెప్పిందే అనుకుంటాను.

ఇప్పుడు నేను నేర్చుకున్న నాలుగు సంగతులు చెప్పి ముగిస్తాను.

ఒకటి, చూసింది చూసినంతే చెప్పండి. చిన్నదిగా ఉన్నా ఫరవాలేదు. కథ పేలవంగా ఉందని మసాలా దట్టించకండి. వినేవాళ్ళలో మన కథలాంటిదే జరిగి, మనకు దక్కింది దక్కనివారు ఒక్కరైనా ఉంటారు. ఆ ఒక్కరి మొహం చూస్తూ చెప్పగలిగిన మాటే చెప్పండి.

రెండు, సాయం చేసిన వాళ్ళను మరిచిపోకండి. డాక్టరు, నర్సమ్మ, ఆటో అబ్బాయి, క్యారియరు పంపిన పొరుగింటావిడ. వాళ్ళది ఏ మతమైనా సరే. వాళ్ళ పేరు చెబితే దేవుడి మహిమ తగ్గుతుందనుకోవడం మన అమాయకత్వం.

మూడు, మీది కాని కథ మీరు చెప్పకండి. ఇది మా కూడికల్లో తరచు జరిగే పొరపాటు. భర్త తాగుడు మానేశాడు, సంతోషమే. కాని ఆయన అటు మగవాళ్ళ వైపు తలవంచుకుని కూర్చుని ఉండగా, పాత రోజుల్లో ఎలా కొట్టేవాడో, ఏం తాకట్టు పెట్టాడో మైకులో చెప్పడం న్యాయమా? ఆ సంగతి చెప్పుకునే హక్కు ముందు ఆయనది. చెప్పాలనుకుంటే ఇంట్లో అడిగి చెప్పండి. కూతురి సంగతీ, కోడలి సంగతీ అంతే. ఇప్పుడు సెల్‌ఫోనులో తీసి నలుగురికీ పంపేస్తున్నారు, గుళ్ళో అన్న మాట గంటలో ఊరంతా తిరిగి వస్తుంది.

నాలుగు, ముందు ఇంట్లో చెప్పండి. సువార్తలో ఒక సంగతి ఉంది. గెరాసేనుల దేశంలో బాగుపడిన ఒక మనిషి తానూ వెంట వస్తానంటే, ప్రభువు అతణ్ణి ముందు ఇంటికి వెళ్ళి తనవాళ్ళకు చెప్పమని పంపేశాడు. ఇంట్లోవాళ్ళ ముందు మన కథ పెరగదు. పెరిగిందా, వెంటనే థర్మామీటరు చూపిస్తారు! మావారికి విశ్వాసం తక్కువని ఆనాడు అన్నానే, ఆ మాటకు ఆయన్ని క్షమాపణ అడిగాను. ఇప్పుడు ఎక్కడికైనా పిలుపొస్తే ముందు ఆయనకు చెప్పి చూపించి వెళతాను.

మరొక్క మాట, అమ్మలుగా విన్నవించుకుంటాను. పిల్లలకు మూడు రోజులు దాటి జ్వరం ఉంటే నాలాగా కాంపౌండరు మాత్రలతో కాలం గడపకండి. డాక్టరుకు చూపించండి, నీళ్ళు కాచి చల్లార్చి పట్టండి. ప్రార్థన ఆటోలో కూడా చేసుకోవచ్చు.

పిన్నిగారికి ఇప్పుడు డెబ్భై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. ఈ శ్రావణంలో వ్రతానికి ఆవిడ పిండివంటలు చేసుకోలేకపోతే నేనే వెళ్ళి బూరెలకు పూర్ణం ఉండలు చుట్టి వచ్చాను. నేను రేడియోలో ఇలా మాట్లాడబోతున్నానని చెబితే, "నా పేరు చెప్పకే, నలుగురూ చారు పంపమంటారు" అన్నారు. అందుకే పేరు చెప్పలేదు. ఆవిడ మాత్రం ఈపాటికి పక్కింట్లో రేడియో పెట్టుకుని వింటూనే ఉంటారు.

పిన్నిగారూ, ఆ రాత్రి నేనొక్కదాన్నే లేను. మీరు ఉన్నారు.